సన్నాయి మీరావలి కన్నీళ్ళకు ఆధారాలు

దాచేపల్లి,
11 జూన్ 2007

నజీరా పిన్నికి మాలిక్ సలాములు.

నేను బాగానే ఉన్నాను, తలలో సిమెంటు దుమ్ము తప్ప. పగలంతా ఫ్యాక్టరీ ల్యాబులో రాళ్ళు పొడిచేసి అందులో సున్నం ఎంత శాతమో చూస్తాను. సాయంత్రం క్వార్టర్‌కి వచ్చి కంప్యూటర్ ముందు ఇంకో పని చేస్తున్నాను. దాని గురించే ఈ ఉత్తరం.

ఇంటర్నెట్లో తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటి తయారవుతోంది. ఎవరికి తెలిసింది వాళ్ళు రాయొచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దొచ్చు. అందులో మీ బావగారు, మీరావలి పెదనాన్న మీద ఒక పేజీ ఉంది. అది పెట్టింది నల్లపాడులో ఉండే రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ వీరాంజనేయులు గారు. 1978లో సింగరాయకొండ తిరునాళ్ళలో పెదనాన్న సన్నాయి కచేరీని టేప్‌రికార్డర్లో పట్టింది ఆయనే. ఆ క్యాసెట్టు చేతులు మారీ మారీ ఇప్పుడు లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి కాలేజీ లెక్చరర్ల దాకా ఒక గుంపే తయారైంది. పెదనాన్న వాయించిన మిగతా వాటితో వాళ్ళకి పని లేదు. ఆ ఒక్క కచేరీయే కావాలి.

ఆయన పెట్టిన మొదటి వాక్యం ఇది: ‘మానవ రూపమున దిగివచ్చిన నాదబ్రహ్మ.’ ఇది విజ్ఞాన సర్వస్వం, శుభలేఖ కాదండీ అని నేను తీసేశాను. ఆయన మళ్ళీ పెట్టారు. నేను మళ్ళీ తీశాను. ఇరవై రోజులుగా ఇదే తంతు.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, పొగడకూడదు, తిట్టకూడదు. ప్రతి మాటకీ ఆధారం చూపించాలి. ఒకే సంగతి నలుగురు నాలుగు రకాలుగా చెబితే నాలుగూ రాయాలి, ఏదీ మనది కాదన్నట్టు రాయాలి. నువ్వు తమ్ముడి భార్యవై ఆ ఇంటికి వచ్చి ముప్పై ఏళ్ళవుతోంది. పైగా పదో తరగతి ఫస్టు క్లాసు. పెదనాన్న గురించి తెలిసింది రాసి పంపు. ఫోన్ చేద్దామంటే మీ ఫోను పెదనాన్న మంచం పక్కనే ఉంటుంది. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

మాలిక్

786
ఇంకొల్లు,
19 జూన్ 2007

మాలిక్‌కి నజీరా పిన్ని దువాలు.

ముందు మంచి మాట. హజ్ యాత్ర చీటీల్లో మా ఇద్దరి పేర్లూ వచ్చాయి. నవంబరు చివర ప్రయాణం. మీ బాబాయి అప్పుడే పెట్టె కొన్నారు. రోజూ అందులో ఏదో ఒకటి పెట్టి, సాయంత్రం వెతుక్కుని మళ్ళీ తీస్తారు.

నువ్వు అడిగింది రాస్తున్నాను. పొగడకుండా, తిట్టకుండా.

సన్నాయి మీరావలి గారు 1933లో ఇంకొల్లులో పుట్టారు. ఎనిమిదో ఏట తండ్రి దగ్గర సన్నాయి పట్టారు. ఇరవయ్యో ఏటికి సొంత మేళం పెట్టారు. డోలు తమ్ముడు జాన్ బాషా, శ్రుతి బుల్లయ్య గారు. రెండు జిల్లాల్లో ఆయన వాయించని గుడి లేదు, ఉరుసు లేదు. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, సన్నాయి ఒప్పుకోలేదు అంటారు. మనిషి మంచివారు. కోపం తక్కువ, దోసకాయ చేదైతే తప్ప. 1985లో వాయించడం మానేశారు, ముందు పళ్ళు రెండు ఊడినందువల్ల. అప్పటి నుంచి ఎవరైనా తన సన్నాయి గురించి మాట్లాడితే నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంటారు. ఆ స్టేషన్ మాస్టర్ గారు ఏటా తిరునాళ్ళ తేదీకి బత్తాయిలు పట్టుకుని దర్శనానికి వస్తారు. ఆయన కాళ్ళకి దణ్ణం పెడుతుంటే ఈయన కాళ్ళు దుప్పట్లోకి లాక్కుంటారు. బత్తాయిలు మాత్రం తింటారు.

ఇంతకంటే చెప్పుకోదగ్గవి నాకు తోచలేదు. ఆ సింగరాయకొండ సంగతి నీ పేజీలో ఉండి తీరాలా? లేకపోతే బాగుంటుందేమో ఆలోచించు. మనిషి జీవితమంటే ఒక్క సాయంత్రం కాదు కదా.

మీ అమ్మకి మోకాళ్ళ నూనె పంపిస్తాను, తెల్ల సీసాలోది. తాగేది కాదని చెప్పు.

దువాలతో,
నజీరా

దాచేపల్లి,
2 జూలై 2007

పిన్నికి,

ముబారక్! అమ్మ వీధంతా చెప్పింది.

నువ్వు రాసింది బాగుంది. కొన్ని దిద్దాలి. ‘మనిషి మంచివారు’ తీసేశాను, పొగడ్త. ‘దోసకాయ చేదైతే తప్ప’ అన్నదానికి ఆధారం లేదు. ‘ఆయన వాయించని గుడి లేదు’ అంటే రెండు జిల్లాల్లో గుళ్ళన్నీ లెక్క చూపించాలి. ‘పలు ఆలయాలలో వాయించారు’ అని మార్చాను. బత్తాయిల మాట వీరాంజనేయులు గారు చూస్తే కొడతారు.

ఇక సింగరాయకొండ. అది లేకుండా ఎలా పిన్నీ? జనం ఆ పేజీకి వచ్చేదే దానికోసం. ఆ సాయంత్రం పెదనాన్న మోహన రాగం ఎత్తుకున్నారు. సంతోషంగా ఉండే రాగం. ఎత్తుకున్న క్షణం నుంచి కళ్ళవెంట ధారలు. చొక్కా తడిసిపోయింది. ముప్పావుగంట సన్నాయి దించలేదు. అలాంటి మోహన ఆయనా అంతకు ముందు వాయించలేదు, తర్వాతా వాయించలేదు. క్యాసెట్టు నేను వంద సార్లు విన్నాను. అక్కడక్కడా ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా ఉంది.

ఎందుకు ఏడ్చారు? ఇక్కడే గొడవ. వీరాంజనేయులు గారి మాట, స్వామి దర్శనమిచ్చారని. దీనిమీద ‘సింగరాయకొండ సాక్షాత్కారం’ అని ముప్పై రెండు పేజీల పుస్తకం అచ్చు వేయించారు. చీరాలలో బట్టల కొట్టున్న అంకమ్మరావు గారి మాట వేరు. దేవుణ్ణి చూసినవాడు నవ్వుతాడు గానీ ముక్కు చీదుకోడు, ఇది ఎవరో ఆడమనిషి కోసమే, ఆవిడది చీరాలే అయి ఉండాలి అంటారు. ఇద్దరూ నా పేజీలో రోజూ కొట్టుకుంటున్నారు. నువ్వు పెదనాన్ననే అడిగి ఒక్క ముక్క రాయి. నాకు రెండు కథనాలున్నాయి, నిజం లేదు.

నీ మాలిక్

786
ఇంకొల్లు,
15 జూలై 2007

మాలిక్‌కి,

వానలు మొదలయ్యాయి. పత్తి గింజ పెట్టిన వాళ్ళంతా ఆకాశానికి దణ్ణాలు పెడుతున్నారు. మీ బాబాయి పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేశారు.

బావగారిని అడగలేదు. అడగవలసిన పని లేదు. ఆ రోజు ఆయన కన్నీళ్ళకి కారణం నేను.

ఇరవై తొమ్మిదేళ్ళుగా లోపల దాచుకున్న మాట ఇది. మీ బాబాయికి కూడా తెలియదు. హజ్‌కి వెళ్ళేవాళ్ళు ఎవరి విషయంలో తప్పు చేశామో వాళ్ళ దగ్గర మాఫీ అడిగి వెళ్ళాలి. బావగారి దగ్గర అడగకుండా నేను కాలు బయట పెట్టలేను. అడిగితే ఈ వయసులో ఆయన మనసు ఏమవుతుందోనని భయం. ఇంతకు మించి కాగితం మీద పెట్టడానికి చేయి రావడం లేదు.

ఈ ఉత్తరం చదివి చించేయి.

నజీరా

దాచేపల్లి,
24 జూలై 2007

పిన్నీ,

చించేశాను. ముక్కలు కూడా మూడు చోట్ల పారేశాను.

నాలుగు రోజులు ఏమి రాయాలో తెలియలేదు. నిన్ను తప్పు పట్టను. అప్పుడు నీకు ఇరవై ఒకటి, పెదనాన్నకి నలభై అయిదు. మనుషులన్నాక మనసులుంటాయి. ఆయన పెళ్ళెందుకు చేసుకోలేదో ఇప్పుడర్థమైంది. నీ పెళ్ళయిన రెండు నెలలకే ఆ కచేరీ. తమ్ముడు పక్కన కూర్చుని డోలు వాయిస్తుంటే, మోహన ఎత్తుకుని... పాపం. ఒక్క మాట పైకి అనకుండా ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారంటే మీ ఇద్దరూ ఎంత గొప్పవాళ్ళో! (ఇది పేజీలో రాయనులే, పొగడ్త అవుతుంది.)

అంకమ్మరావు గారిని ఇన్నాళ్ళూ పిచ్చివాడనుకున్నాను. నిన్న ఆయనకి క్షమాపణ రాశాను. పేర్లేవీ చెప్పలేదు. ‘మీ కథనంలో కొంత నిజం ఉండవచ్చు, అయితే ఊరు చీరాల కాదు’ అని మాత్రం రాశాను.

బాబాయి పెట్టె సర్దుకుంటున్నారని తలచుకుంటేనే గుండె తరుక్కుపోతోంది. ఆయనకి చెప్పకు.

ఎప్పటికీ నీ వాడు,
మాలిక్

786
ఇంకొల్లు,
30 జూలై 2007

ఒరేయ్ మాలిక్!

తౌబా తౌబా. నీ ఉత్తరం చదివాను. లేచి వజూ చేసుకుని, నమాజు చదువుకుని వచ్చి మళ్ళీ చూశాను. అప్పటికీ అందులో అదే ఉంది. నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులతో రాస్తున్నాను, ఇప్పుడు ఎదురుగా ఉంటే ఆ చేతులతోనే ఒకటి వేసేదాన్ని. ఆ చీరాల ఆయనకి వెంటనే మళ్ళీ ఉత్తరం రాయి. ఏ ఊరూ కాదని రాయి.

జరిగింది ఇది. సిగ్గుపడి సగం రాసి ఇంత చేసుకున్నాను, ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను.

మాది ఒంగోలు అని నీకు తెలుసు. మీ అమ్మకీ నాకూ మిరపకాయ అంటే కొట్లో పొట్లం కట్టించుకునేదే. ఈ ఇంటికి వచ్చేసరికి కల్లంలో ఎర్రగా కొండ. ఆ తిరునాళ్ళ రోజు పొద్దున్నుంచి ఆడవాళ్ళమంతా కూర్చుని కాయలకి తొడిమలు తీశాం. అందరూ ముందే చేతులకి నూనె రాసుకున్నారు. జిడ్డు ఎందుకులే అని నేను రాసుకోలేదు. పని అయ్యాక సబ్బు పెట్టి కడుక్కున్నాను. నా లెక్కలో చేయి శుభ్రం.

సన్నాయికి నోట్లో పెట్టుకునే చోట గడ్డితో చేసిన చిన్న పీక ఉంటుంది. అలాంటివి ఎనిమిది తడిగుడ్డలో చుట్టి బావగారు రేకు డబ్బాలో పెట్టుకునేవారు. ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. ఆ సంగతి నాకు చెప్పేవాళ్ళెవరు? డబ్బా మూత తీసి ఉంది. దుమ్ము పట్టినట్టు కనిపించింది. కొత్త కోడలి ఉత్సాహం! ఒక్కొక్క పీకా నా వేళ్ళతో తుడిచి, దారం వదులైన వాటికి దారం చుట్టి, పెదవులకి గుచ్చుకోకుండా కొసలు నున్నగా నొక్కి, మళ్ళీ వరసగా పెట్టాను. బావగారు డబ్బా తీసుకుని బస్సెక్కారు.

మధ్యాహ్నం కళ్ళు నులుముకున్నాను. అంతే, కేక పెట్టి బావి దగ్గరికి పరిగెత్తాను. మా అత్తగారు జానీబీ నవ్వు ఆపుకోలేక, “కారం చెయ్యి రెండ్రోజులదాకా దిగదే పిచ్చిమొహమా! నూనె రాసుకోకుండా కాయలు ముట్టుకుంటారటే?” అంది. అప్పుడు గుర్తొచ్చింది డబ్బా. అప్పటికి బస్సు ఒంగోలు దాటి ఉంటుంది.

రాత్రంతా తిట్లు తినడానికి సిద్ధపడి కూర్చున్నాను. తెల్లారి చూస్తే బావగారి వెనక జనం. మెడలో దండలు. దేవుణ్ణి చూశాడు, దేవుణ్ణి చూశాడు అంటున్నారు. ఆయన పెదవులు వాచి ఉన్నాయి. అది కూడా మహిమే అన్నారు. ఇక నేనేం చెప్పను?

ఇప్పుడు నా భయం చెబుతాను. ఎవరో పొగిడితే బావగారికి లెక్క లేదు. కానీ లోపల ఆయన కూడా అది పైవాడి దయే అనుకుంటూ ఉంటే? ముసలితనంలో ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే. మాఫీ అడగాలంటే అది ఆయన చేతిలోంచి లాక్కోవాలి. అడగకపోతే నా హజ్ ఏం హజ్?

నీ పేజీ సంగతి నాకు తెలియదు. నాకు దారి చెప్పు.

నజీరా

దాచేపల్లి,
20 ఆగస్టు 2007

పిన్నీ,

ముందు చెంపలు వాయించుకున్నాను, రెండూ. తర్వాత నీ మాట నిజమో కాదో పరీక్షించాను. ఉద్యోగ ధర్మం. మిరపకాయల తొడిమలు తీసిన చేత్తో పిల్లల బూర ఒకటి రుద్ది నోట్లో పెట్టుకుని ఊదాను. ముందు కన్నీళ్ళు, తర్వాత ముక్కు, తర్వాత రెండు రోజుల సెలవు. నేను ఊదిందాన్ని ఎవరూ క్యాసెట్లో పట్టలేదు.

నీ మాట నమ్ముతాను. కానీ పేజీలో పెట్టలేను. అచ్చయిన ఆధారమే చెల్లుతుంది. స్టేషన్ మాస్టర్ గారి సాక్షాత్కారం అచ్చయింది కాబట్టి ఉంటుంది. నీ మిరపకాయ అచ్చు కాలేదు కాబట్టి ఉండదు. నవ్వకు, నేనే ఒప్పుకున్న నియమం ఇది.

ఇంకో తప్పు కూడా చేశాను. నీ పేరు రాకుండా చర్చ పేజీలో ఒక్క ప్రశ్న వేశాను: ‘ఆనాటి కన్నీళ్ళకు ఏదైనా పదార్థం కారణమై ఉండే అవకాశం ఉందా?’ మిరపకాయ పదార్థమే కదా అనుకున్నాను. వాళ్ళు మందు అనుకున్నారు. పెదనాన్న తాగి వాయించారని ఎవడో నాస్తికుడు రాశాడని క్యాసెట్టు గుంపంతా మండిపోతోంది. వీరాంజనేయులు గారు జీపు మాట్లాడుకుని మీ ఇంటికి వస్తున్నారు, పెదనాన్న నోటితోనే ఖండన తీసుకోవడానికి. వచ్చే నెల రెండో ఆదివారమట.

వాళ్ళు వచ్చేలోగా నువ్వే పెదనాన్నతో చెప్పేయి. ఇదే నాకు తోచిన దారి.

సిగ్గుతో,
మాలిక్

786
ఇంకొల్లు,
12 సెప్టెంబరు 2007

మాలిక్‌కి,

వాళ్ళు వచ్చేలోగా చెప్పలేకపోయాను. రోజూ టీ పట్టుకుని వెళ్ళడం, ఆయన మొహం చూడటం, గ్లాసు పెట్టి వచ్చేయడం. అదే చేశాను.

ఆదివారం పొద్దున జీపు వచ్చింది. స్టేషన్ మాస్టర్ గారూ ఇంకో అయిదుగురూ. దండ, బత్తాయిలు, ఒక టేప్‌రికార్డరు. బావగారు నవారు మంచం మీద, మీ బాబాయి అరుగు మీద. నేను టీ గ్లాసుల పళ్ళెంతో తలుపు వెనక ఉన్నాను.

“అయ్యా, ఆ రోజు తమరు మద్యం సేవించి ఉన్నారని ఒక దుర్మార్గుడు ఇంటర్నెట్లో రాశాడండి,” అన్నారు మాస్టర్ గారు.

“ఎవడయ్యా వాడు?”

“దాచేపల్లి వాడట.”

“మన మాలిక్ గాడా? వాడు మంచోడే. మరి నేనే తాగానేమో,” అని బావగారు కళ్ళు మూసుకున్నారు.

ఆయన మీద ఆ మాట పడనిచ్చి నేను హజ్‌కి వెళ్ళనా? పళ్ళెం కింద పెట్టి బయటికి వచ్చాను.

“ఆయన తాగలేదండీ. మిరపకాయలు,” అన్నాను.

నా గొంతు సంగతి నీకు తెలుసు. మాస్టర్ గారు “ఏంటమ్మా?” అన్నారు. మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయనకి వినపడింది గానీ అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళు డోలు పక్కన చెవి పెట్టిన మీ బాబాయి, “ఏందే? ఎవరు? గట్టిగా చెప్పు!” అన్నారు. జీవితంలో మొదటిసారి అరిచాను. “మిరపకాయలు! పీకలకి నా కారం చెయ్యి తగిలింది! అందుకే ఏడ్చారు!”

వీధిలో వెళ్తున్న సైకిలు ఆగింది.

బావగారు కళ్ళు తెరిచారు. నన్ను చూశారు. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారనుకున్నాను. కాదు, నవ్వు. దగ్గు వచ్చేదాకా నవ్వారు.

“మొదటి ఊపిరికే తెలిసింది అమ్మాయ్. పీక నోట్లో పెట్టానో లేదో మన కల్లం మొత్తం కనపడింది. రాగం ఎత్తుకోకముందే మార్చి ఇంకోటి పెట్టా. అదీ అంతే. ఎనిమిదీ అంతే. ఒక్కటి కూడా వదల్లేదు, ఎంత శ్రద్ధగా తుడిచిందో పిల్ల!”

“మరి ఆపలేదేమండీ?” అన్నారు మాస్టర్ గారు.

“ఎట్టా ఆపను? సన్నాయి దించితే మంట. ఊదుతుంటే కాస్త చల్లగా ఉంది. అందుకని ఊదుతానే ఉన్నా.”

మాలిక్, ఆ క్షణంలో మాస్టర్ గారి మొహం చూడలేకపోయాను. ఆయన చేతిలో దండ నేలకి జారింది. బావగారి గురించి భయపడుతూ కూర్చున్నాను గానీ, పోయేది ఇంకొకరిదని ఎన్నడూ తోచలేదు. బావగారికీ అది కనపడింది. లేచి కూర్చున్నారు.

“ఎందుకయ్యా మాష్టారూ అంత దిగులు? మిరపకాయే వాయించి ఉంటే గుంటూరు జిల్లాలో అందరూ విద్వాంసులే కావాలి. ఇంకో మాట చెప్తా వినండి. ఆ తర్వాత నేనే పీకలకి కారం రాసుకున్నా. మార్టూరు పెళ్ళిలో రాసుకున్నా, వేటపాలెం ఉత్సవంలో రాసుకున్నా. రెండేళ్ళు రాసుకున్నా. మూతి వాచింది గానీ ఆ మోహన మళ్ళీ రాలా.”

“అయితే ఆ రోజు వచ్చిందేమిటండీ?”

“నాకేం తెలుసు? నేను కళ్ళు తెరిస్తే గదా! చూశానంటున్నది మీరు. మీరే చెప్పండి.”

మాస్టర్ గారు జేబులోంచి పెన్ను తీసి మార్టూరు, వేటపాలెం అని రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు నాకూ దణ్ణం పెట్టారు. నేను లోపలికి పారిపోయాను.

వాళ్ళు వెళ్ళాక బావగారి మంచం దగ్గర కూర్చుని మాఫీ అడిగాను.

“ఇవ్వను,” అన్నారు.

“బావగారూ!”

“తప్పు చేసినోళ్ళకి గదా మాఫీ? నా జన్మలో నేను సరిగ్గా వాయించింది ఒక్కసారి. దాన్ని నీ తప్పు కింద రాయమంటావా? ఇవ్వను ఫో.”

ఏడ్చాను. నవ్వులాట కాదు బావగారూ, ఇది లేకుండా నేను విమానం ఎక్కలేనన్నాను. ఆయన కాసేపు ఆలోచించి షరతు పెట్టారు. “వాడి కంప్యూటర్ కాగితంలో ఆ కచేరీకి పక్కన వాయించినోళ్ళ పేర్లుంటాయా? ఉంటే అందులో నీ పేరు ఎక్కాలి. ఎక్కిన కాగితం నా చేతికొచ్చిన రోజు మాఫీ.”

ఆధారం లేకుండా నువ్వు ఒక్క అక్షరం కూడా మార్చవని నాకు తెలుసు. నియమం తప్పమని అడగను. నీ నియమం నీది, నా హజ్ నాది. ప్రయాణం నవంబరు ఇరవై ఏడు.

నజీరా

దాచేపల్లి,
9 నవంబరు 2007

పిన్నీ,

రెండు నెలలు నిద్ర పట్టలేదు. నియమం తప్పి నీ పేరు పెట్టేద్దామని మూడు సార్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మూడు సార్లూ లేచాను. తప్పుడు కాగితం మీద వచ్చిన మాఫీ నీకు పనికొస్తుందా అనిపించి.

నిన్న నల్లపాడు నుంచి పార్సిల్ వచ్చింది. ‘సింగరాయకొండ సాక్షాత్కారం’, రెండో ముద్రణ, నలభై పేజీలు. పద్నాలుగో పేజీ చూడు: ‘స్వామివారు ఆనాడు మిరప ఘాటు రూపమున విద్వాంసుని పెదవులను తాకిరి. ఆ ఘాటును ఇంకొల్లు నుండి మోసుకొచ్చిన చేతులు శ్రీమతి నజీరా గారివి.’ మార్టూరు, వేటపాలెం స్వయంగా వెళ్ళి విచారించి వచ్చారట. మనిషి మొండివాడు గానీ నిజం దొరికితే దాచుకునే రకం కాదు. నాకు కావలసింది అచ్చు. వచ్చింది.

పేజీ ప్రింటు తీసి ఇందులో పెట్టాను. ముఖ్యమైన ముక్క ఇది:

‘1978 సింగరాయకొండ కచేరీ. సన్నాయి: మీరావలి. డోలు: జాన్ బాషా. శ్రుతి: బుల్లయ్య. మిరపకాయలు: నజీరా. కచేరీ సమయంలో మీరావలి కన్నీరు కార్చారు. దీనికి కారణం దైవదర్శనమని కొందరు, ప్రేమ వైఫల్యమని కొందరు, పీకలకు అంటిన కారమని కొందరు పేర్కొన్నారు. అదే కారంతో ఆయన తర్వాత చేసిన ప్రయత్నాలు ఫలించలేదు.’

అంకమ్మరావు గారు తన మాటని కూడా కరపత్రంగా అచ్చు వేయించి పంపారు గానీ ఇంకా తగ్గలేదు. ఆ మిరపకాయలు చీరాల నుంచి వచ్చినవేమో కనుక్కోమంటున్నారు.

క్షేమంగా వెళ్ళిరా. నా పేరున కూడా ఒక దువా చెయ్యి, ముఖ్యంగా బుద్ధి కోసం.

మాలిక్

786
హైదరాబాదు, హజ్ క్యాంపు,
26 నవంబరు 2007

నాన్నా మాలిక్,

రేపు పొద్దున విమానం. మీ బాబాయి పెట్టె మీద కూర్చుని కునుకు తీస్తున్నారు. ఈలోపు రాస్తున్నాను.

నీ కాగితం బావగారి చేతికిచ్చాను. అద్దాలు పెట్టుకుని పైనుంచి కిందదాకా చదివారు. నా పేరు దగ్గర వేలు పెట్టి ఆగారు. మీ బాబాయి తొంగి చూసి, “నాది రెండోది, దీనిది నాలుగోది,” అని తృప్తిపడ్డారు. బావగారు కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నారు.

“మాఫ్ చేశా. మనస్ఫూర్తిగా చేశా. వెళ్ళిరా అమ్మాయ్,” అన్నారు.

గుండె మీద బరువు దిగింది. కళ్ళు తుడుచుకుని లేవబోతుంటే, “ఉండు. నన్ను కూడా మాఫ్ చేసి వెళ్ళు,” అన్నారు.

“మీరేం చేశారు బావగారూ?”

ఆయన కిటికీ వైపు చూశారు. “ఆ కారం సంగతి నీకు తెలుసని నాకు తెలుసు. కచేరీ మర్నాడు ఇంటికి రాగానే నీ మొహం చూస్తే తెలిసింది. పిలిచి, ఫర్లేదమ్మా అందామనుకున్నా. ఈలోపు నువ్వు వేడివేడి టీ తెచ్చి పెట్టావు. మధ్యాహ్నం కూర ముందు నాకే వడ్డించావు. మా అమ్మ కూడా నన్నంత బాగా చూళ్ళేదు. చెప్తే ఇవన్నీ ఆగిపోతయ్యేమోనని రేపు చెప్దాంలే అనుకున్నా. ఇరవై తొమ్మిదేళ్ళయింది.”

ఎన్ని రాత్రులు నిద్ర పోలేదో, ఎన్ని దువాలు చేశానో! అంతా ఒక గ్లాసు టీ కోసమా?

కానీ యాత్రకి వెళ్ళేదాన్ని, మనసులో ఏదీ పెట్టుకోకూడదు. బిస్మిల్లా అనుకుని, “మాఫ్ చేశాను బావగారూ, మనస్ఫూర్తిగా,” అన్నాను. నిజంగానే చేశాను, అల్లా సాక్షి.

ఆ సాయంత్రం టీ మాత్రం ముందు మీ బాబాయికి ఇచ్చాను.

నజీరా